ప్రొపెల్లర్ షాఫ్ట్ పాఠాలు – 5: పట్టీల యోక్ తీసి యూ-బోల్టుల యోక్ బిగించడం

గత పాఠంలో జీప్ రాంగ్లర్ టీజే (1997–2006) వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (ఇంజిన్ బలాన్ని వెనుక ఇరుసుకు చేర్చే గొట్టాన్ని) విప్పి బల్ల మీద పెట్టుకున్నాం. ఇప్పుడు బండి కింద, డిఫరెన్షియల్ (వెనుక చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె) ముక్కు మీద మిగిలిన యోక్‌ను, అంటే షాఫ్ట్ కొసను పట్టుకునే రెండు చెవుల ఉక్కు ముక్కను చూడండి. షాఫ్ట్‌ను, యోక్‌ను కలిపే ప్లస్ గుర్తు ఆకారపు కీలు పేరు క్రాస్. దాని నాలుగు కొసలకూ లోపల సన్నని సూది బేరింగులున్న కప్పులు ఉంటాయి, వాటిలో రెండు ఆ యోక్ గాడుల్లో కూర్చుంటాయి. ఒక్కో కప్పు మీదుగా వంగిన సన్నని ఉక్కు పట్టీని రెండేసి పావు అంగుళం బోల్టులు పట్టి ఉంచుతాయి. తిప్పే బలాన్ని మోసేది యోక్ చెవులే. కప్పు గాడిలోంచి లేవకుండా చూడటమే పట్టీ పని. అయితే చక్రం రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు రివర్స్ గేరులో ఒక్క కుదుపు ఇస్తే పట్టీ వెంట్రుకవాసి సాగుతుంది, ఆ సందులో కప్పు కదలడం మొదలవుతుంది. అందుకే పట్టీల బదులు యూ-బోల్టులు, అంటే U ఆకారంలో వంగి రెండు కొసలా నట్లు పడే కడ్డీలు, వేసే యోక్‌కు మారుతున్నాం.

పట్టీల యోక్ రంధ్రాలకు మరలు ఉంటాయి, యూ-బోల్టుల యోక్‌కు ఆరపార రంధ్రాలు ఉంటాయి. పాత రంధ్రాలనే డ్రిల్లుతో పెద్దవి చేసేవాళ్లున్నారు. బిట్టు కొంచెం పక్కకు జరిగినా కప్పు వంకరగా కూర్చుంటుంది కాబట్టి నేను ఆ దారి చెప్పను. యోక్‌నే మార్చాలి, అందుకు పినియన్ (యోక్ ఎక్కి ఉండే డిఫరెన్షియల్ గేరు) నట్టు విప్పాలి. ఈ పాఠంలో అసలు కష్టం ఇక్కడే ఉంది.

పినియన్ బేరింగుల మీద ఉండే ముందస్తు బిగుతును లోపల నలిగే గొట్టం ఒకటి కాపాడుతుంది. అందువల్ల నట్టు ముట్టుకోకముందే చక్రాలను, బ్రేక్ డ్రమ్ములను తీసివేసి, తిప్పే బలాన్ని అంగుళం-పౌండ్లలో ముల్లుతో చూపే రెంచితో పినియన్‌ను నెమ్మదిగా తిప్పి, ఎంత బలానికి తిరుగుతోందో కాగితం మీద రాసుకోండి. కొత్త యోక్ ఎక్కించి, కొత్త నట్టు వేసి, పావు చుట్టు కంటే తక్కువ తక్కువగా బిగిస్తూ ప్రతిసారీ కొలవండి. రాసుకున్న అంకె కంటే 5 అంగుళం-పౌండ్లు ఎక్కువ చూపగానే ఆపేయాలి. హద్దు దాటితే నట్టు వదులు చేసి సరిపెట్టడం కుదరదు. నలిగిన గొట్టం మళ్లీ సాగదు, దాన్ని మార్చాల్సిందే.

ఇక క్రాస్. కప్పులు జారి సూదులు రాలకుండా ఎదురెదురు కప్పులకు టేపు చుట్టి ఉంచండి, గాడిలో పెట్టే క్షణంలోనే తీయండి. షాఫ్ట్ వైపు కప్పును వైస్‌లో నొక్కుతున్నప్పుడు చివరి రెండు మూడు మిల్లీమీటర్లు మొరాయించి సర్‌క్లిప్ (కప్పు బయటకు రాకుండా ఆపే రింగు) గాడి కనిపించకపోతే, బలం పెంచకండి: ఒక సూది కప్పు అడుగున అడ్డంగా పడి ఉంటుంది. మొదటిసారి నేను అది తెలియక సుత్తి ఎత్తాను. కప్పు అడుగు పగిలింది, కొత్త క్రాస్ కొనాల్సి వచ్చింది.

యూ-బోల్టు దొడ్డుగా కనిపిస్తుందని గట్టిగా లాగెయ్యాలనిపిస్తుంది. 1310 అనే సైజు క్రాస్‌కు 14 నుంచి 17 అడుగు-పౌండ్లు చాలు. అంతకు మించితే కప్పు గుండ్రం చెడి సూదులు బిగుసుకుంటాయి. రెండు వైపుల నట్లనూ మార్చి మార్చి బిగించి, షాఫ్ట్ రెండో కొస తగిలించకముందే క్రాస్‌ను చేత్తో అటూ ఇటూ వంచి చూడండి. ఎక్కడా పట్టకుండా సాఫీగా కదలాలి.

పనిలో పనిగా పెద్ద క్రాస్ వేద్దామా అని అడిగేవారికి ఒక మాట. 1330 క్రాస్ వెడల్పు 3.625 అంగుళాలు, 1310ది 3.219, కానీ రెండింటి కప్పు వ్యాసం 1.062 అంగుళాలే. కప్పు కూడా లావయ్యేది 1350లోనే, 1.188 అంగుళాలకు. అది కావాలంటే షాఫ్ట్ కొస కూడా మారాలి, ఖర్చు వేరే లెక్క.

వచ్చే పాఠం కోణాల గురించి. బండిని సమతలం మీద నిలిపి, పినియన్ ముక్కు ఎన్ని డిగ్రీల వాలులో ఉందో కొలిచి ఉంచుకోండి.