కంపెనీ స్ప్రింగులకే కొత్త షాకులు: బిగించాక వచ్చే తిప్పలు

బండి బరువు మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డాక ఆ స్ప్రింగు ఊగుతూ పోకుండా పట్టేది షాకబ్జార్బర్, అంటే షాకు. వెనక ముగ్గురెక్కి డిక్కీ నిండితే బండి కూలబడుతోందని ఖరీదైన షాకులు వేయిస్తే డబ్బు దండగే, ఆ కూలబడటం పోదు. ఫ్లైఓవర్ జాయింటు దాటాక రెండు మూడుసార్లు ఊగుతున్నా, షాకు ఒంటి మీద ఆయిల్ కారి దుమ్ము మెత్తినా, అప్పుడు మార్చండి. ఒక్క పక్కే కాదు, ముందు రెండూ లేదా వెనక రెండూ.

స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే చక్రం కిందికి జారి 'ధబ్' మంటోంది
షాకు పొట్టిదై ఉండొచ్చు. బిల్‌స్టీన్ అనే బ్రాండు షాకుల్లో బి6 రకం మామూలు ఎత్తు స్ప్రింగులకు, బి8 బండిని కిందికి దించే పొట్టి స్ప్రింగులకు. బండితో వచ్చిన కంపెనీ స్ప్రింగు ఉంచుకుని బి8 కొంటే చక్రం పూర్తిగా దిగకముందే షాకు లోపలి రాడ్డు చివరికొచ్చి కొట్టుకుంటుంది. బిగింపుతో సరయ్యేది కాదు, షాకే మార్చాలి.

మెల్లగా వెళ్తే ముందు నుంచి టక్ టక్
నా బండికి ఇదే వచ్చింది. కొత్త షాకులోనే లోపమని రెండు వారాలు తిట్టుకున్నాను. చివరికి బానెట్ ఎత్తి, స్ట్రట్ (స్ప్రింగు, షాకు కలిసిన ముందు భాగం) పైకొసను బాడీకి పట్టి ఉంచే మౌంట్ మీద అరచెయ్యి ఆనించి, మా తమ్ముణ్ని స్టీరింగ్ అటూ ఇటూ కదపమంటే ప్రతి కుదుపూ చేతికి తగిలింది. పైన నట్టు వదులు! గాలి గన్‌తో బిగిస్తే నట్టుతో పాటు రాడ్డూ తిరిగిపోతుంది, బిగిసినట్టే అనిపిస్తుంది. రాడ్డు కొసను ఎలెన్ కీతో పట్టుకుని, రింగ్ స్పానర్‌తో బిగించాలి. రాడ్డును ప్లయర్‌తో పట్టారా, గీత పడి ఆయిల్ సీలు చిరుగుతుంది. నట్టు బాగానే ఉంటే లింక్ రాడ్లు (బండి పక్కకు ఒరగకుండా ఆపే బారును స్ట్రట్‌కు కలిపే చిన్న కడ్డీలు) చూడండి. పాత మౌంట్లు, బంప్ స్టాపులు (షాకు పూర్తిగా నొక్కుకోకుండా ఆపే దిమ్మలు) తీసి మళ్లీ అవే వేస్తే ఆ పొదుపు నిలవదు, కూలీ రెండోసారి కట్టాల్సిందే.

స్టీరింగ్ తిప్పితే 'టంగ్' మని స్ప్రింగు శబ్దం
మౌంట్ బేరింగ్ పట్టేసింది, లేదా స్ప్రింగు కొస దాని కింది పళ్లెం (స్ప్రింగు సీటు) గాడిలో కూర్చోలేదు. స్ట్రట్ విప్పక తప్పదు. నొక్కిపెట్టిన స్ప్రింగు జారితే ప్రాణాల మీదికొస్తుంది. స్ప్రింగును నొక్కిపట్టే సరైన కంప్రెసర్ లేకుండా ఇంట్లో ముట్టుకోకండి.

బండి మరీ గట్టిగా కొడుతోంది
ముందు టైర్ల గాలి చూడండి, డోరు దగ్గర స్టిక్కర్‌లో అంకె ఉంటుంది. అది సరిగ్గా ఉంటే అనుమానం బుష్‌ల మీద, అంటే బోల్టు చుట్టూ ఉండే రబ్బరు ముక్కల మీద. జాకీ మీద చక్రం వేలాడుతుండగానే షాకు కింది బోల్టు బిగించేస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది. కుదుపు నేరుగా లోపలికొస్తుంది, బుష్ కూడా తొందరగా చిరుగుతుంది. బోల్టు వదులు చేసి, బండి చక్రాల మీద నిలబడ్డాక బిగించండి. పది నిమిషాల పని, చాలా షెడ్లలో చెయ్యరు. గ్యాస్ మోనోట్యూబ్ (ఒకే గొట్టంలో ఆయిల్, గ్యాస్ ఉండే) షాకులైతే మాత్రం మామూలు వాటికంటే కాస్త బిగువుగానే ఉంటాయి.

స్టీరింగ్ వంకర, ఒక పక్కకు లాగడం
స్ట్రట్ విప్పి బిగిస్తే చక్రం కోణం మారుతుంది. బోల్టులన్నీ చివరిసారి బిగించాకే వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లండి, ముందు చేయిస్తే ఆ బిల్లు వృథా.