కొత్త ఊళ్లో కొత్త ఉద్యోగం: ఉండాలా, మానేయాలా?

శుక్రవారం సాయంత్రం రూముకొచ్చి తలుపేసుకుంటే మళ్లీ సోమవారం పొద్దున ఆఫీసులో గుడ్ మార్నింగ్ చెప్పేదాకా నోరు తెరిచే అవసరమే రాని ఊళ్లో చేరినవాళ్ల కోసం ఇది. రాజీనామా మెయిల్ రాసి పెట్టుకుంటే, అప్పుడే పంపకండి.

మీకు పడనిది ఊరా, ఉద్యోగమా? ముందు అది తేల్చుకోండి, ఎందుకంటే దిగులుగా ఉన్నప్పుడు రెండూ ఒకటే అనిపిస్తాయి. రెండు వారాల పాటు రోజూ పడుకునే ముందు ఏ గంట హాయిగా గడిచిందో, ఏ గంట గడవలేదో రెండు ముక్కలు రాయండి. గడవనివన్నీ సాయంత్రాలు, సెలవు రోజులే అయితే ఉద్యోగాన్ని తప్పు పట్టకండి. మేనేజర్ పేరు ఫోన్లో కనిపిస్తేనే టెన్షన్ మొదలవుతుంటే మాత్రం, ఊళ్లో ఎంతమంది స్నేహితులు దొరికినా అది తీరదు, వేరే ఉద్యోగం వెతకడం ఇప్పుడే మొదలుపెట్టండి.

ఒంటరితనమే అయితే కొంత టైమ్ ఇవ్వాల్సిందే. కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో తేల్చిన లెక్క ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారాలంటే కలిసి దాదాపు 50 గంటలు గడపాలి, ప్రాణస్నేహం కావాలంటే 200 దాటాలి, పైగా ఆఫీసులో కలిసి పనిచేసే గంటలు ఇందులో పెద్దగా అక్కరకు రావు. అంటే వారానికి రెండు గంటలు కలిసినా మొదటి మెట్టుకే ఆరు నెలలు! రెండు నెలలకే ఎవరూ దగ్గర కాలేదని మీలో లోపం వెతుక్కోకండి. ప్రతి వారం అవే ముఖాలు కనిపించే చోటు ఒకటి పట్టుకోండి, షటిల్ కోర్టో, భాష నేర్పే క్లాసో ఏదైనా సరే, మొదటి రెండుసార్లు ఎవరూ పలకరించకపోయినా మానకండి.

ఈలోగా అపాయింట్‌మెంట్ లెటర్ తీసి బాండ్ ఉందా, జాయినింగ్ బోనస్ తిరిగి కట్టాలా చూడండి. చాలాచోట్ల ప్రొబేషన్‌లో నోటీసు గడువు తక్కువ, పర్మనెంట్ అయ్యాక పెరుగుతుంది, కాబట్టి నిర్ణయానికి పెట్టుకునే తేదీ ప్రొబేషన్ ముగియకముందే ఉండాలి. ఆ తేదీలోపు బదిలీ గానీ, నెలలో కొన్నాళ్లు ఇంటి నుంచి పని గానీ కుదురుతుందేమో నోరు తెరిచి అడగండి.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి పోయి దేనిమీదా మనసు నిలవకపోతే తేదీ కోసం ఆగొద్దు, డాక్టర్ని కలవండి. జీతం ఎగ్గొడుతున్నా, వేధింపులున్నా ఆగొద్దు. ఇంట్లోవాళ్లు ఏమనుకుంటారో అన్న భయంతో ఉండిపోవడం మాత్రం, నన్నడిగితే, అస్సలు తగదు. వాళ్లకి మీరు రాసుకున్న ఆ రెండు వారాల కాగితం చూపించి మాట్లాడండి.