ఇంటర్ పరీక్షల నెల: భయం సంగతి తర్వాత, ముందు నిద్ర చూసుకోండి

మార్చి అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఎగ్జామ్ హాల్లో 9 దాటాక మొదటి 20 నిమిషాలు. నేను జూనియర్ లెక్చరర్ని, 11 ఏళ్లుగా ఇన్విజిలేషన్, అంటే పరీక్ష హాల్లో పిల్లల్ని చూసుకునే డ్యూటీ చేస్తున్నా, ఆ 20 నిమిషాల్లో పిల్లల మొహాలు చూస్తే కడుపులో దేవినట్టు ఉంటుంది నాకు. ఓఎంఆర్ షీట్ మీద సంతకం పెట్టేటప్పుడు చేయి వణికేవాళ్లు ఉంటారు, పేపర్ ఇచ్చాక 10 నిమిషాలు పెన్ను కదపకుండా చూస్తూ కూర్చునేవాళ్లు ఉంటారు, మూడుసార్లు నీళ్లడిగేవాళ్లు, పదిన్నరకల్లా తల బెంచీ మీద పెట్టేసేవాళ్లు ఉంటారు. బయటికి వచ్చాక వాళ్లలో చాలామందిని అడిగాను, రాత్రి ఎన్నింటికి పడుకున్నావ్ నాన్నా అని. రెండింటికి సార్, మూడింటికి సార్, పడుకోలేదు సార్. దాదాపు అందరిదీ ఇదే జవాబు.

అందుకే ఈసారి పరీక్షలకి ముందే ఇది రాస్తున్నా. పిల్లలు టెన్షన్ అనేదాంట్లో సగం టెన్షన్ కాదు, నిద్ర లేకపోవడం. టెన్షన్‌ని ఒక్కరోజులో పోగొట్టలేం గానీ నిద్ర మాత్రం మన చేతిలో పనే.

కొంచెం భయం ఉండటం తప్పేం కాదు, అసలు భయమే లేకపోతే పుస్తకం ఎవరు తీస్తారు. భయం వేసినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరిగి గుండె గబగబా కొట్టుకుంటుంది, అరచేతులు చెమట పడతాయి, కడుపులో తిప్పుతుంది, అదంతా ఒళ్లు పనికి రెడీ అవుతుందన్న గుర్తే. కానీ నిద్రలేని మెదడుకి ఆ భయాన్ని అదుపులో పెట్టే శక్తి ఉండదు, చిన్న ప్రశ్న రాకపోయినా పేపరంతా పోయిందనిపిస్తుంది. 2000 సంవత్సరంలో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో తేలిందేంటంటే, 17 గంటల పైన వరుసగా మెలకువగా ఉన్న మనిషి పని రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి పనిలాగో అంతకన్నా అధ్వాన్నంగానో ఉంటుంది. మన దేశంలో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు పెట్టడానికి 0.03 చాలు. ఇప్పుడు హాస్టల్లో 5 గంటలకి బెల్ కొడితే లేచిన పిల్లాణ్ని తలుచుకోండి, రాత్రి 10కి వాడికి 17 గంటలు నిండిపోతాయి, ఆ తర్వాత 12 దాకా స్టడీ అవర్ పెట్టి వాడిచేత ఇంటిగ్రేషన్ చేయిస్తాం మనం.

ఇంకోటి, పగలు చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలోనే. అంటే నిద్ర మానేసి చదివిన రెండు గంటలు, అప్పటిదాకా చదివిన పది గంటల్ని కూడా పాడుచేస్తాయి. ఈ వయసు పిల్లలకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు, పరీక్షల నెలలో అంత కుదరదంటారు, సరే, కనీసం 7 గంటల కన్నా దిగొద్దు. దీని మీద మాత్రం నేను బేరం ఆడను.

మరి ఎలా? పరీక్షలకి రెండు వారాల ముందు నుంచే గడియారం మార్చుకోవాలి. పరీక్ష పొద్దున 9 నుంచి 12. ఇన్నాళ్లూ రాత్రిపూట చదివే అలవాటున్నవాళ్ల మెదడు పొద్దున 9కి ఇంకా మత్తులోనే ఉంటుంది, కాబట్టి రోజూ ఒక పావుగంటో అరగంటో ముందుకి జరుపుకుంటూ రాత్రి పదిన్నరకి పడుకుని ఐదున్నరకి లేచే దాకా రావాలి. ఆ రెండు వారాల్లో కనీసం నాలుగైదు సార్లు సరిగ్గా 9కి కూర్చుని పాత పేపర్ ఒకటి 12 దాకా రాయండి, మధ్యలో లేవకుండా, ఫోన్ వేరే గదిలో పెట్టి. అసలు రోజు వచ్చేసరికి ఒంటికి అది కొత్తగా అనిపించదు, భయం సగం అక్కడే తగ్గుతుంది.

చదివే పద్ధతి గురించి ఒక్క మాట. పుస్తకం నాలుగుసార్లు తిరగేస్తే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, కళ్లకి అలవాటైపోయి. అలా చదివినవాళ్లే హాల్లో బ్లాంక్ అవుతారు. పుస్తకం మూసి తెల్ల కాగితం మీద రాసి చూసుకోండి, ఎక్కడ ఆగిందో అక్కడే మళ్లీ చదవండి. ఇంట్లో ఆగిపోవడం మంచిదే, హాల్లో ఆగకుండా ఉంటుంది.

టీ కాఫీల విషయం. సాయంత్రం 4 తర్వాత వద్దు. కెఫీన్ ఒంట్లోంచి సగం పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది, రాత్రి 10కి తాగిన కాఫీ తెల్లారుజామున 3కి కూడా సగం మిగిలే ఉంటుంది, పడుకున్నా అది నిద్ర కాదు. ఎనర్జీ డ్రింకులు ఇప్పుడు ప్రతి కిరాణా కొట్లోనూ 20 రూపాయలకి దొరుకుతున్నాయి, హాస్టల్ పిల్లలు రాత్రి చదువుకని డబ్బాలు డబ్బాలు తాగుతున్నారు, ఆ డబ్బా మీదే చిన్న అక్షరాల్లో పిల్లలకి పనికిరాదని రాసి ఉంటుంది చూడండి. గుండె దడ ఆ డ్రింకు వల్ల వస్తుంటే పరీక్ష భయం అనుకుని ఇంకా భయపడతారు. ఇక నిద్ర రాకుండా ఉండే మాత్రలు, నిద్ర పట్టే మాత్రలు, జ్ఞాపకశక్తి మందులు అని ఎవరిచ్చినా తీసుకోవద్దు, సీనియర్ ఇచ్చినా సరే, మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చినా సరే.

ఫిట్స్ వచ్చే పిల్లలు ఉంటే వాళ్లకి నిద్ర తగ్గడం మరీ ప్రమాదం, నిద్ర లేకపోతే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. మందు ఒక్క డోసు కూడా తప్పకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్లగానే ఇన్విజిలేటర్‌కి చెప్పండి. మేం తిట్టం, ముందే తెలిస్తే మాకూ ధైర్యంగా ఉంటుంది.

ముందురోజు సాయంత్రం కొత్త చాప్టర్ తీయొద్దు. మొదటి పేపర్ సెకండ్ లాంగ్వేజ్ కదా, తెలుగో సంస్కృతమో, అదేముందిలే అని ఆ ముందురాత్రి కూడా ఫిజిక్స్ పట్టుకుని రెండింటిదాకా కూర్చుంటారు చాలామంది. మొదటి రోజే అలసట మొదలైతే మూడు వారాలూ అది వెంటే వస్తుంది. ఫస్టియర్‌కి ఒకరోజు సెకండియర్‌కి ఒకరోజు పెడతారు కాబట్టి మధ్యలో గ్యాప్ దొరుకుతుంది, ఆ గ్యాప్‌కి ముందు మధ్యాహ్నం ఇంటికి రాగానే అన్నం తిని గంట పడుకోండి, గంటే, సాయంత్రం దాకా కాదు.

గుడికి వెళ్లాలంటే, పెన్నులు దేవుడి దగ్గర పెట్టించాలంటే ముందురోజు సాయంత్రమే వెళ్లిరండి. మనసుకి ధైర్యం వస్తుంది, మంచిదే, కానీ పరీక్ష పొద్దున క్యూలో నిలబడి ట్రాఫిక్‌లో పరిగెత్తడం వద్దు. హాల్ టికెట్, రెండు మూడు పెన్నులు, పెన్సిల్, స్కేలు, నీళ్ల బాటిల్ రాత్రే ఒకచోట పెట్టేయండి. సెంటర్ కొత్తదైతే ముందే ఒకసారి చూసిరండి. తెలంగాణలో ఒకప్పుడు ఒక్క నిమిషం లేటైనా గేటు దగ్గరే ఆపేసేవాళ్లు, 2024లో 5 నిమిషాలు సడలించారు, కానీ ఆ 5 నిమిషాలు మీ లెక్కలో వేసుకోవద్దు. ఎనిమిదింపావుకి గేటు దగ్గర ఉంటే ఊపిరి తీసుకోడానికి టైం ఉంటుంది.

పొద్దున ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రెండు ఇడ్లీ, లేకపోతే ఉప్మా, లేదంటే కాస్త పెరుగన్నం, రోజూ తినేదే తినండి, ఆ రోజు పూరీలు, బయట బజ్జీలు వద్దు. భయానికి వాంతి వచ్చేలా ఉండి ఏదీ దిగకపోతే ఒక అరటిపండు, కాసిని మజ్జిగ. ఈ మధ్య రంజాన్ కూడా ఫిబ్రవరి, మార్చిలోనే వస్తోంది, రోజా ఉండే పిల్లలు సహరీ కోసం తెల్లారకముందే లేస్తారు కాబట్టి రాత్రి తొందరగా పడుకోవాలి, సహరీలో పెరుగు, గుడ్డు, ఖర్జూరం లాంటివి తిని నీళ్లు బాగా తాగాలి, పరీక్షయ్యాక ఎండలో తిరగకుండా నేరుగా ఇంటికి వచ్చి పడుకోవాలి.

ఆడపిల్లలకి పరీక్షల్లో పీరియడ్స్ వస్తాయేమోనని వేరే దిగులు ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. తేదీ దగ్గర్లో ఉన్నా లేకున్నా బ్యాగులో ప్యాడ్లు పెట్టుకోండి. టెన్షన్‌కి ముందే రావచ్చు, లేటూ కావచ్చు. వాయిదా వేసే మాత్రలు డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. హాల్లో ఇబ్బంది వస్తే లేడీ ఇన్విజిలేటర్‌కి చెప్పండి, సిగ్గుపడి మూడు గంటలు నరకం పడొద్దు తల్లీ.

గేటు దగ్గర ఒక పెద్ద ప్రమాదం ఉంటుంది, ఫ్రెండ్స్. ఆ డెరివేషన్ చదివావా, అది కచ్చితంగా వస్తుందట అని ఎవడో ఒకడు అంటాడు, అప్పటిదాకా బానే ఉన్నవాడి మొహం పాలిపోతుంది. పక్కకి వెళ్లి చెట్టు కింద నిలబడండి. మరీ గాభరాగా ఉంటే ఒక కాగితం మీద నాకేం భయంగా ఉందో అని ఉన్నదున్నట్టు 10 నిమిషాలు రాసి చించేయండి. 2011లో చికాగో యూనివర్సిటీవాళ్లు పిల్లల మీద ఇదే చేసి చూశారు, పరీక్షకి ముందు తమ భయాల్ని రాసుకున్నవాళ్లు మెరుగ్గా రాశారు. మా పిల్లల్లో కొందరితో చేయించాను, ఒకమ్మాయి రాసింది, నాన్న అప్పు చేసి ఫీజు కట్టాడు అని, ఆ ఒక్క లైనే.

హాల్లో బ్లాంక్ అయితే ఏం చేయాలో ఇంట్లోనే అనుకుని వెళ్లాలి, అక్కడ ఆలోచించడం కుదరదు. పెన్ను కింద పెట్టండి, రెండు పాదాలు నేలకి గట్టిగా ఆనించండి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి ఆరు లెక్కపెడుతూ వదలండి, అలా ఏడెనిమిది సార్లు. వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. ఆ గాభరా ఎంత పెద్దదైనా కొన్ని నిమిషాల్లో పైకెక్కి దిగిపోతుంది, దిగుతుందని తెలిసినవాడికి తొందరగా దిగుతుంది. తర్వాత తెలిసిన రెండు మార్కుల ప్రశ్న ఒకటి వెతుక్కుని దాంతో మొదలుపెట్టండి. చేయి కదిలితే మిగతాది మెల్లగా వస్తుంది.

టైం లెక్క కూడా ముందే ఉంటే భయం తగ్గుతుంది. ఉదాహరణకి తెలంగాణ మ్యాథ్స్ పేపర్ 75 మార్కులు, రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఐదు, ఏడు మార్కులవి ఐదు రాయాలి. రెండు మార్కులది 3 నిమిషాలు, నాలుగుది 8, ఏడుది 15 అనుకుంటే 30, 40, 75, మొత్తం 145 నిమిషాలు, ఇంకా 35 నిమిషాలు చేతిలో ఉన్నాయి. ఓ 10 నిమిషాలు బ్లాంక్ అయి పోగొట్టుకున్నా ఏమీ మునిగిపోదని ఆ లెక్క చెప్తోంది కదా. ఆంధ్రాలో ప్యాటర్న్ మారింది కాబట్టి మీ పేపర్‌కి మీరే ఇలా లెక్క వేసి నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి.

బయటికి వచ్చాక జవాబుల కీ చూడొద్దు. ఒక్క తప్పు తెలిసినా ఎల్లుండి పేపర్ మీద దెబ్బ పడుతుంది, రాసింది మార్చలేం ఎలాగూ. వాట్సాప్ గ్రూపు మూడు వారాలు మ్యూట్‌లో పెట్టండి.

అమ్మానాన్నలకి: గేటు బయట మొదటి మాట ఎలా రాశావ్ అని కాకుండా ఆకలేస్తోందా అని అడగండి. పక్కింటివాళ్ల పిల్లల మార్కులు ఈ నెలరోజులు ఇంట్లో ఎత్తొద్దు. పిల్లలు హాస్టల్లో ఉంటే వార్డెన్‌కి ఫోన్ చేసి రాత్రి ఎన్నింటికి లైట్లు ఆపుతున్నారో అడగండి, ఫీజు కట్టేది మీరే, అడిగే హక్కు ఉంది. రాత్రిళ్లు టీవీ సౌండ్ తగ్గించడం, చుట్టాల్ని తర్వాత రమ్మనడం ఇవి మీకు తెలిసినవే.

ఒక సంగతి మాత్రం ఇంట్లో అందరూ చూస్తుండాలి. పిల్లలు రోజుల తరబడి తినకపోయినా, నిద్ర అస్సలు లేకపోయినా, ఎవరితో మాట్లాడకుండా గదిలో ఉండిపోయినా, నేను లేకపోతే మీకే హాయి లాంటి మాట అన్నా, పరీక్షలయ్యాక చూద్దాం అనొద్దు. పక్కన కూర్చోండి, చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికొస్తుంది. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇది రిజల్ట్స్ రోజుకీ వర్తిస్తుంది. 2019 ఏప్రిల్లో తెలంగాణలో రిజల్ట్స్ వచ్చాక ఇరవైమందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. అప్పుడే తెలుగులో 99 రావాల్సిన ఒకమ్మాయికి మెమోలో సున్నా పడిందని తేలింది, ఫెయిలైనవాళ్లందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్లీ చూడాల్సొచ్చింది. స్క్రీన్ మీద కనపడే నంబరు తప్పు కావచ్చు, రీకౌంటింగ్ ఉంది, రీవెరిఫికేషన్ ఉంది, నిజంగానే తప్పినా మే, జూన్‌ల్లో సప్లిమెంటరీ రాసి అదే ఏడాది డిగ్రీలో చేరినవాళ్లు నా స్టూడెంట్లలోనే బోలెడుమంది ఉన్నారు. రిజల్ట్స్ రోజు పిల్లల్ని ఒంటరిగా ఫోన్ చూసుకోనివ్వకుండా ఇంట్లో ఒకరు సెలవు పెట్టి పక్కనే ఉండండి.

మానసిక ఇబ్బందుల కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్, నంబరు 14416, ఫ్రీ, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలకి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది. ఈ రెండూ హాల్ టికెట్ వచ్చిన రోజే పిల్లల ఫోన్లోనూ మీ ఫోన్లోనూ సేవ్ చేయండి, హాస్టల్లో ఫోన్ ఉండదు కాబట్టి ఒక చీటీ మీద రాసి పెన్నుల పౌచ్‌లో పెట్టి పంపండి.