ధ్రువ సముద్రాల నలుసుల వాన, 3వ పాఠం: సీసాలో మడ్డి నుంచి రోజువారీ లెక్క దాకా

పోయిన పాఠంలో గరాటుని, అంటే పైనుంచి రాలే నలుసుల్ని పట్టి, కింద మోటారుతో ఒకదాని తర్వాత ఒకటి మారే సీసాల్లోకి జార్చే పరికరాన్ని, నీళ్లలోకి దించాం. ఈసారి ఏడాది తర్వాత దాన్ని పైకి తీసి, సీసాల్లో పడినదాన్ని అంకెగా మార్చడం నేర్చుకుందాం. కాగితం, క్యాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి, ఊరికే చదువుకుంటూ పోతే ఈ పాఠం ఒంటపట్టదు.

ముందు పేరు సంగతి. సముద్రం పై నీళ్ల నుంచి లోతుల్లోకి రాలే ఈ తుక్కుని చాలామంది 'మెరైన్ స్నో' అంటారు. దాన్ని సముద్రపు మంచు అని తెలుగు చేస్తే నీటి మీద గడ్డకట్టి తేలే మంచుతో కలిసిపోతుంది, ధ్రువాల దగ్గర ఆ రెండిటినీ విడదీసి చెప్పుకోకపోతే అసలు పని జరగదు. అందుకే నేను నలుసులు అంటున్నాను. చచ్చిన నాచు, కోపెపాడ్ లాంటి చిన్న జీవుల మలం, జిగురుతో అతుక్కున్న తుక్కు, అన్నీ అందులోకే వస్తాయి.

మనం చూసే చోటు ఫ్రామ్ జలసంధి, గ్రీన్‌లాండ్‌కీ స్వాల్బార్డ్‌కీ మధ్య, సుమారు 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం. జర్మనీలోని ఆల్ఫ్రెడ్ వెగనర్ సంస్థ 1999లో అక్కడ హౌస్‌గార్టెన్ అనే పరిశీలన కేంద్రం మొదలుపెట్టింది. అక్టోబరు చివర్లో మునిగిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరిలో గానీ కనిపించడు, వెలుతురు లేనప్పుడు నాచు పెరగదు, కాబట్టి కిందికి రాలి పడేదీ చాలా తక్కువే. దక్షిణాన అంటార్కిటికా దగ్గర బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధిలో 1983–84లో పెట్టిన గరాటులోనైతే ఏడాది మొత్తంలో 90 శాతానికి పైగా డిసెంబరు, జనవరి నెలల్లోనే పడింది. మన బంగాళాఖాతంలోనూ 1987 నుంచి ఇలాంటి గరాటులే దించారు, కానీ అక్కడ రుతుపవనాలతో ఎక్కువ తక్కువ అవుతుందే తప్ప నెలల తరబడి చీకటి ఉండదు.

ఇప్పుడు సీసాలు. వసంతం సీసా అడుగున పచ్చగోధుమ రంగులో, నానిన గోరింటాకు ముద్దలా మెత్తటి మడ్డి ఉంటుంది, కదిపితే పొగలా లేస్తుంది. చలికాలం సీసాలో సన్నటి చార, అంతే. కళ్లతో చూసి ఇంత తేడా అని చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. వసంతంలో సీసా 14 రోజులకే మారేలా, చలికాలంలో 30 రోజులకు మారేలా మోటారు పెట్టి ఉంటారు, కాబట్టి రోజులతో భాగించనిదే పోలిక లేదు. గరాటు మూతి వైశాల్యం అర చదరపు మీటరు అనుకుందాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి నేను వేసిన అంకెలు:

వసంతం సీసాలో నాలుగో వంతు తీసి కొలిస్తే 7 మిల్లీగ్రాముల సేంద్రియ కార్బన్ వచ్చింది. అంటే మొత్తం 28. దాన్ని 0.5తో, 14తో భాగిస్తే చదరపు మీటరుకి రోజుకి 4 మిల్లీగ్రాములు. చలికాలం సీసాలో మొత్తం 3. భాగించండి: 3 ÷ (0.5 × 30) = 0.2. సీసాల మధ్య తేడా తొమ్మిది రెట్లే అనిపించింది, నిజంగా 20 రెట్లు.

కానీ ఆ 3 అనే అంకెకి రావడంలోనే అసలు కష్టమంతా ఉంది. సీసాలో ఫార్మలిన్ ఉంటుంది, పడినవి కుళ్లకుండా. దానికి తెలియదు కదా ఏది రాలింది, ఏది ఈదుకుంటూ వచ్చి చచ్చింది అని. కలానస్ హైపర్‌బోరియస్ అనే కోపెపాడ్ ఒంట్లో కొవ్వు నింపుకుని చలికాలమంతా లోతుల్లో గడుపుతుంది. ఎదిగిన ఆడదానిలో ఒక మిల్లీగ్రాము కార్బన్ ఉందనుకోండి. అలాంటివి ఐదు తీయకుండా వదిలేస్తే 3 కాస్తా 8 అవుతుంది, 0.2 కాస్తా 0.53. అదే ఐదూ వసంతం సీసాలో మిగిలితే 4 కాస్తా 4.7, అంతే. అందుకే మైక్రోస్కోప్ కింద పట్టకారుతో ఏరేటప్పుడు, ఏమీ లేదనిపించే సీసా మీదే ఎక్కువసేపు కూర్చోవాలి. నేర్చుకునే రోజుల్లో నేను సరిగ్గా తిరగేసి చేశాను, నిండు సీసాకి రెండు పూటలు, ఖాళీ సీసాకి పది నిమిషాలు, ఆ చలికాలం లెక్కంతా మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఇక వేగం. 300 మీటర్ల దగ్గర ఒక గరాటు, 2300 దగ్గర ఇంకొకటి. పైన ఒక్కసారిగా జోరుగా రాలిన నలుసులకి పైదానిలో ఐదో సీసా నిండింది, అవే కిందికి చేరేసరికి కిందదానిలో ఏడోది. ఒక్కో సీసా 10 రోజులైతే 20 రోజుల్లో 2000 మీటర్లు, రోజుకి 100 మీటర్లు అని రాసేస్తాం. ఆగండి. ఐదో సీసాలో మొదటి రోజు పడిందో చివరి రోజు పడిందో మనకి కనిపించదు, ఏడోదీ అంతే, కాబట్టి నిజమైన తేడా 10 నుంచి 30 రోజుల్లో ఎంతైనా కావచ్చు. వేగం 67 నుంచి 200 మధ్య. ఎప్పుడూ ఈ రెండు అంచులూ కలిపి రాయండి, ఒక్క 100 రాస్తే చదివేవాళ్లని తప్పుదోవ పట్టించినట్టే.

ఇంటిపని ఒక్కటే. అక్కడి నీరు సెకనుకి 5 సెంటీమీటర్ల చొప్పున పక్కకి సాగుతోందనుకోండి. ఆ నలుసు 20 రోజుల్లో కిందికి దిగేలోపు ఎన్ని కిలోమీటర్లు పక్కకి కొట్టుకుపోతుంది? అంకె వేసి పెట్టుకోండి, 4వ పాఠం దానితోనే మొదలుపెడతాను.