స్ప్రే డబ్బా పక్కన పెట్టి ముందు టార్చి తీయండి

బొద్దింక కనపడగానే మనలో చాలామంది చేసే పని ఒకటే, కొట్టుకెళ్లి స్ప్రే డబ్బా తెచ్చి సింకు కింద ముక్కు మూసుకుని కొట్టేయడం. నేనూ దాదాపు ఏడాది అదే చేశాను. పొద్దున్నే పదీ పదిహేను వెల్లకిలా పడి ఉంటే హమ్మయ్య అనుకునేదాన్ని, వారం తిరిగేసరికి మళ్లీ అవే, ఈసారి బాత్రూంలో కూడా. పెస్ట్ కంట్రోల్ వాళ్లను పిలిస్తే వాళ్లూ అరగంటలో ఇల్లంతా స్ప్రే చేసి వెళ్లిపోయారు, నెలకల్లా కథ మొదటికొచ్చింది. ఎందుకంటే మన స్ప్రే తగిలేది బయట తిరిగేవాటికే, అసలు కాపురమంతా సందుల్లో ఉంటుంది, పైగా ఆ ఘాటుకి మిగిలినవి ఇంకా లోపలికో పక్క గదిలోకో సర్దుకుంటాయి. చాలాచోట్ల వీటికి ఆ మందులు అలవాటైపోయాయి కూడా.

అందుకే ముందు అవి ఎక్కడుంటున్నాయో చూడాలి. రాత్రి వంటింట్లో లైటు ఆర్పేసిన గంటకి, చప్పుడు చేయకుండా టార్చి పట్టుకుని వెళ్లండి, చంపే ప్రయత్నం చేయకుండా ఎటు పరిగెడుతున్నాయో మాత్రం చూడండి. మా ఇంట్లో సగం ఫ్రిజ్ వెనక మోటారు వైపు పోయాయి, మిగతావి కప్‌బోర్డు తలుపుల బందుల సందుల్లోకి. తర్వాత మిక్సీ ప్లగ్గు తీసి తిరగేసి చూశాను, అడుగున గాలి రంధ్రాల చుట్టూ మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వలు. అది వాటి రెట్ట. ఆ పొడి ఎక్కడ కనిపిస్తే వాటి ఇల్లు అక్కడే ఉన్నట్టు.

ఇంకో సంగతి, మీ ఇంట్లో ఉన్నది ఏ రకమో తేల్చుకోండి. చిన్నగా, లేత గోధుమ రంగులో, తల వెనక రెండు నల్ల చారలతో ఉంటే అది జర్మన్ బొద్దింక, వంటింట్లోనే పుట్టి పెరుగుతుంది. తల్లి తోక దగ్గర గోధుమగింజంత గుడ్ల సంచి మోసుకుంటూ తిరుగుతుంది, ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లుంటాయి, వాటికి స్ప్రే సరిగ్గా అందదు. బొటనవేలంత ఉండే ఎర్రటిది వేరు, అది ఎక్కువగా డ్రైనేజీ నుంచి వస్తుంది కాబట్టి దానికి మందు కంటే జాలీ ముఖ్యం. బాత్రూం, వాష్ ఏరియా తూముల మీద సన్న రంధ్రాల జాలీ బిగించి, వాడని తూములో అప్పుడప్పుడు చెంబుడు నీళ్లు పోస్తుంటే చాలావరకు ఆగుతుంది.

జర్మన్ బొద్దింకకు తిండి లేకపోయినా నీళ్లుంటే నెల దాకా బతికేస్తుంది, నీళ్లు దొరక్కపోతే రెండు వారాలు గడవడమే కష్టం. కాబట్టి పడుకునే ముందు సింకు, గట్టు పొడిగుడ్డతో తుడిచేయండి, కారే కుళాయికి వాషర్ మార్పించండి, తడి పీచు, మసిగుడ్డ సింకు పక్కన వదలకుండా బాల్కనీలో ఆరేయండి. స్టవ్ ఎత్తి కింద జిడ్డు కడగండి. సరుకులొచ్చిన అట్టపెట్టెలు ఆ రోజే బయట పడేయండి, ఆ మడతల్లో దాక్కునే చాలా ఇళ్లకు ఇవి చేరతాయి. పాత పేపర్ల కట్టలూ అంతే.

ఇదంతా అయ్యాకే మందు. సిరంజిలాంటి ట్యూబులో జెల్ దొరుకుతుంది, దాని మీద ఫిప్రోనిల్ అనో ఇమిడాక్లోప్రిడ్ అనో రాసి ఉంటుంది. ఒకేచోట పెద్ద ముద్ద పెట్టొద్దు, పెసరగింజంత చుక్కలు ఎక్కువ చోట్ల పెట్టండి. తలుపు బందుల పక్కన, సొరుగుల పట్టాల వెనక, ఫ్రిజ్ మోటారు చుట్టుపక్కల, సింకు పైపు గోడలోకి వెళ్లేచోట, అంటే ఆ మిరియాల పొడి కనిపించిన ప్రతిచోటా, పిల్లల చేతికీ గిన్నెలకీ తగలకుండా. జెల్ తిన్నది గూటికెళ్లి చస్తుంది, దాని రెట్టనూ కళేబరాన్నీ తిన్న మిగతావీ చస్తాయి, స్ప్రే చేయలేని పని ఇదే. కానీ జెల్ పెట్టిన చోట స్ప్రే కొట్టినా ఫినాయిల్ తుడిచినా అవి దాని దగ్గరికే రావు, పెట్టిన కష్టమంతా వృథా. మూడు నాలుగు రోజులకి పట్టపగలే తూలుతూ బయటికొస్తాయి, కంగారు పడకండి, మందు పనిచేస్తోందని అర్థం. గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి కాబట్టి రెండు మూడు వారాలకి మళ్లీ ఒకసారి పెట్టాలి. మా ఇంట్లో పూర్తిగా తగ్గడానికి రెండు నెలలు పట్టింది. అపార్ట్‌మెంట్ అయితే పైపుల చుట్టూ ఉన్న సందుల్ని వైట్ సిమెంటుతో పూడ్చండి, లేకపోతే పక్కింటివి మీ ఇంటికొస్తూనే ఉంటాయి.

సింకులో కలరా ఉండలు వేస్తే బొద్దింకలు రావని చాలామంది నమ్ముతారు. నేను వేసి చూశాను, పెద్దగా తేడా ఏమీ లేదు. పైగా పటికబెల్లం ముక్క అనుకుని పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, అది రక్తాన్ని దెబ్బతీసే విషం. చీమలకు గీసే సుద్దముక్క కూడా బలపంలాగే ఉంటుంది, దాన్ని పిల్లలకు అందని చోట పెట్టాల్సిందే. నిజానికి చీమలకు అదీ అక్కర్లేదు, బారు మొత్తాన్ని సబ్బునీళ్లతో తుడిచి వాసన దారి చెరిపేసి, అవి వస్తున్న చిల్లు పూడిస్తే చాలు.

బియ్యంలో ముక్క పురుగు గాలిలోంచి రాదు, చాలాసార్లు బస్తాతోనే వస్తుంది. గింజకు చిల్లు చేసి లోపల గుడ్డు పెడుతుంది, అందుకే కొన్నప్పుడు శుభ్రంగా కనిపించిన బియ్యం వానాకాలానికి పురుగు పట్టేస్తుంది. పాతవి అయిపోకుండా కొత్తవి డబ్బాలో పోయకండి, అడుగున మిగిలిన గుప్పెడే కొత్తవాటికీ అంటిస్తుంది. రవ్వ, గోధుమపిండి లాంటివి తేగానే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే లోపల గుడ్లు కూడా చస్తాయి, బయటికి తీశాక చెమ్మ ఆరేదాకా కవరు విప్పొద్దు. కందులు, పెసలకు మా అమ్మమ్మ ఎండబెట్టి, చల్లారాక అరచేతికి ఆముదం రాసుకుని గింజలన్నిటికీ పట్టించేది, ఇప్పుడు నేనూ అలాగే చేస్తున్నాను, పుచ్చు పట్టలేదు.

దోమలకు కాయిల్, లిక్విడ్ పెట్టుకోండి, వద్దనను, కానీ డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, మన ఇంటి నీళ్లలోనే పుడుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికో రోజు, మేము శుక్రవారం పెట్టుకున్నాం, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, కుండీల కింద పళ్లేలు ఖాళీ చేయాలి. పారబోస్తే సరిపోదు, నీటి గీత ఉన్నచోట గట్టిగా తోమాలి, అక్కడ అంటుకున్న గుడ్లు ఎండిపోయి నెలల తరబడి ఉండి, నీళ్లు తగలగానే పిల్లలవుతాయి. సంపు మూత సందుల్లేకుండా ఉందా లేదా కూడా చూసుకోండి.

గోడ మీద సన్నటి మట్టి గీత కనిపిస్తే అది చెద దారి. గీకేసి వదిలేస్తే ఇంకోచోట లేస్తుంది, దానికి మాత్రం పని తెలిసినవాళ్లను పిలిచి గోడ అడుగుకు మందు వేయించుకోవడమే.

ఎలుకల గురించి మాత్రం బతిమాలి చెప్తున్నాను, ట్యూబులో వచ్చే పేస్టు మందు ఇంట్లోకి తేవద్దు. టమాటా ముక్కకో పకోడీకో రాసి మూల పెడతారు, పిల్లలకు అది పకోడీయే. అందులో పసుపు భాస్వరం ఉంటుంది, దానికి విరుగుడు లేదు. తిన్నాక ఒకట్రెండు రోజులు వాంతులు తగ్గి మనిషి బాగానే ఉన్నట్టు కనిపించొచ్చు, ఆ తర్వాత లివర్ పాడవుతుంది. బోను పెట్టండి, చెక్క ఉచ్చు పెట్టండి, గోడ వెంబడి పెడితే పడుతుంది, ఎలుక గోడను రాసుకుంటూ నడుస్తుంది. చిట్టెలుక పెన్సిల్ దూరే సందు ఉన్నా లోపలికొచ్చేస్తుంది, కాబట్టి తలుపు కింద రేకు కొట్టించి, కన్నాల్లో స్టీలు పీచు కుక్కి సిమెంటు పూయండి. ఒకవేళ ఎవరైనా ఆ పేస్టు కొంచెం తిన్నారని అనుమానం వచ్చినా ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించడాలు, రేపు చూద్దాం అనుకోవడాలు వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి, ఆస్పత్రికి వెళ్లేటప్పుడు ఆ ట్యూబు కూడా వెంట పట్టుకెళ్లండి.