కొత్తవాళ్ళతో మాట కలపడం – మూడో పాఠం: క్యారేజీలు విప్పే వేళ

మొదటి పాఠంలో కొత్తగా చేరినవాళ్ళ పేరు తప్పు లేకుండా పలకడం నేర్చుకున్నాం. రెండో పాఠంలో పక్కన కూర్చోబెట్టుకుని ఒక చిన్న పని చేతికివ్వడం చూశాం. ఈసారి మధ్యాహ్న భోజనం. నా అనుభవంలో కొత్త ఉద్యోగికి మొదటి రోజు అన్నిటికన్నా కష్టమైన అరగంట ఇదే. పనివేళలో చేతిలో ఏదో ఒక కాగితం ఉంటుంది. భోజనానికి మాత్రం ఎక్కడ కూర్చోవాలో, ఎవరి పక్కన కూర్చోవాలో తనే తేల్చుకోవాలి.

ఒడిశాలో ఉన్న మన రాయగడలో దీనికి భాష కూడా తోడవుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే ఇప్పటికీ ఒకే బల్ల దగ్గర రెండు భాషలు కూర్చుంటాయి.

కొన్నేళ్ళ క్రితం మా ఆఫీసులో ఒక ఒడియా అమ్మాయి చేరింది. "రామ్మా, ఇక్కడ కూర్చో" అని బల్ల దగ్గరికి పిలిచింది నేనే. మిగిలిన నలుగురం తెలుగువాళ్ళం. పిలిచిన మర్యాద అక్కడితో సరి. ఆ తర్వాత అరగంటా పార్వతీపురంలో జరిగిన ఒక పెళ్ళి కబుర్లు తెలుగులో చెప్పుకున్నాం. మేం నవ్వినప్పుడల్లా ఆ పిల్లా నవ్వింది, మా మొహాలు చూసి. బాక్సు మూత సగమే జరిపి, లోపల ఏముందో కనపడకుండా తింది. మర్నాటి నుంచి తన సీటు దగ్గరే తినడం మొదలుపెట్టింది. ఎవరం ఒక్క మాట అనలేదు, కానీ నీకిక్కడ చోటు లేదని చెప్పేసినట్టే అయింది. ఆ తప్పు నాది.

కాబట్టి మొదటి పని: బల్ల దగ్గర ఒక్కరికి తెలుగు రాకపోయినా మాట వాళ్ళకొచ్చిన భాషలోకి మారాలి. వచ్చీరాని ఒడియా అయినా చాలు. "ఖాఇలే కి?" అంటే మన "భోంచేశారా?" అన్నమాటే. "ఆపణ" మన "మీరు". వయసులో చిన్నవాళ్ళు కదా అని వెంటనే "తు" అనకండి, ఆ చనువు వాళ్ళిచ్చాకే తీసుకోవాలి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఒడియా రాని మన కుర్రాడు చేరినా ఇదే పద్ధతి. అప్పుడు మాట మార్చుకోవలసింది ఒడియా మిత్రులు, వాళ్ళకి ఆ సంగతి గుర్తుచేయాల్సింది మీరు.

ఇక ఏం అడగాలి? ముందు అడగకూడనిది చెబుతాను. "మనవాళ్ళేనా?" అని ఎప్పుడూ, ఎవరినీ అడగవద్దు. అది కులం అడగడమే. ఇంటిపేరు తవ్వడమూ అంతే. పెళ్ళయిందా, జీతం ఎంతకి మాట్లాడుకున్నారు అనేవి కూడా మొదటి వారం నోట రాకూడదు.

ఎదురుగా ఉన్నదాని గురించి అడగండి. తర్వాత మరో కొత్తమ్మాయి చేరినప్పుడు నేను మాట్లాడింది ఇలా:

"అన్నం మీద అదేంటమ్మా?"

"బొడి చూరా సార్, వడియాలు నలిపి చేస్తాం."

"మినప్పప్పుతోనేనా? మేమూ వడియాలు మినప్పప్పుతోనే పెడతాం. మా అమ్మ బూడిద గుమ్మడికాయ కోరి కలిపేది."

"మా అమ్మ కూడా కలుపుతుంది సార్!"

బాక్సు మూత పూర్తిగా పక్కన పెట్టేసింది. నేను చూసింది ఆ మూతనే.

ఇందులో కిటుకు నా రెండో మాటలో ఉంది. అడిగి ఊరుకోకుండా నా ఇంటి సంగతి కూడా చెప్పాను. వరసగా ప్రశ్నలే వేస్తే ఇంటర్వ్యూ ఇంకా అవలేదేమో అనిపిస్తుంది. 1997లో ఆర్థర్ ఏరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు కొత్తవాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. పన్నెండేసి చొప్పున మూడు విడతలు, తేలికవాటి నుంచి లోతైనవాటికి. ప్రతి ప్రశ్నకీ ఇద్దరూ జవాబు చెప్పాలి. ఊరికే పైపై కబుర్లు చెప్పుకున్న జంటలకన్నా వీళ్ళలో దగ్గరితనం ఎక్కువ కనిపించింది. మనకి అంత లోతు అక్కర్లేదు, మొదటి విడత తేలికదనం చాలు. ఇద్దరూ చెప్పడం మాత్రం వదలకండి.

కూర పంచుకునేటప్పుడు ముందు మనది వడ్డించాలి, వాళ్ళ బాక్సులో చెయ్యి పెట్టకూడదు. వద్దంటే బలవంతం చేయవద్దు. మార్గశిర గురువారాల్లో చాలా ఒడియా ఇళ్ళలో లక్ష్మీదేవికి మాణబసా పూజ ఉంటుంది, ఆ రోజు నీచు ముట్టరు. మన కార్తీకం లాంటిదే.

నాలుగైదు మాటలయ్యాక ఆపేయండి. తినే మనిషిని తిననివ్వాలి.

ఈ వారం అభ్యాసం: మీ బల్ల దగ్గర అందరికన్నా తక్కువ మాట్లాడేది ఎవరో మూడు రోజులు గమనించండి. నాలుగో రోజు వాళ్ళ పక్కన కూర్చుని ఒక్క ప్రశ్న అడిగి, దానికి మీ జవాబూ చెప్పండి. ఏం అడిగారో, వాళ్ళేమన్నారో ఆ సాయంత్రమే నోటుబుక్కులో రాసుకోండి. నాలుగో పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.