మందులు వాడుతున్నా ఫిట్స్ ఆగకపోతే న్యూరాలజిస్టుకు ఎలా చూపించుకోవాలి

మూర్ఛ ఉన్న మనిషికి ఏళ్ల తరబడి పాత చీటీ మీదే మాత్రలు కొనిస్తూ, నెలకో రెండు నెలలకో ఫిట్స్ వస్తున్నా ‘ఈ జబ్బు ఇంతే’ అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకోవడం ఎంతమాత్రం తగదు. ఇంచుమించు మూడింట రెండు వంతుల మందికి మందులతోనే ఫిట్స్ అదుపులోకి వస్తాయి. రోగికి తగినట్లు ఎంచిన రెండు మందులను సరైన మోతాదులో, మానకుండా వాడినా ఫిట్స్ ఆగకపోతే, అది మందులకు లొంగని మూర్ఛ కావచ్చు. అప్పుడు మెదడు, నరాల జబ్బులు చూసే న్యూరాలజిస్టును కలవడం ఇక వాయిదా వేయకూడదు.

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో న్యూరాలజిస్టులు ఉన్నారు. అంతకు మించిన వైద్యం కావలసివస్తే నెల్లూరు వైపు వారికి తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, ఒంగోలు వైపు వారికి గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి అందుబాటులో ఉంటాయి. ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు వెంట తీసుకువెళ్లి, ఏయే చికిత్సలకు అది వర్తిస్తుందో ముందే అడగాలి.

డాక్టరు ఎదుట ఫిట్స్ రావడం అరుదు కాబట్టి రోగ నిర్ణయం చాలావరకు చూసినవారు చెప్పేదాని మీదే ఆధారపడుతుంది. అందుకని ఫిట్స్ వచ్చినప్పుడు దగ్గరున్న మనిషే ఆసుపత్రికి వెళ్లాలి; తీరికగా ఉన్నాడని మరొకరిని పంపితే ఆ ప్రయాణం సగం వృథా అయినట్లే. ఈసారి ఫిట్స్ వస్తే రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, చేతిలో తాళాలు ఇరికించకుండా, ఒకరు ఫోన్లో వీడియో తీయాలి. అందులో ముఖం, కళ్లు, రెండు చేతులు కనిపించాలి. మొదట ఏ చేయి కొట్టుకుంది, తల ఎటు తిరిగింది, తెలివి రావడానికి ఎంతసేపు పట్టింది అన్న వివరాలు మెదడులో ఏ భాగం నుంచి ఫిట్స్ మొదలవుతున్నాయో సూచిస్తాయి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే మాత్రం వెంటనే 108కి ఫోన్ చేయాలి.

గోడ క్యాలెండరు మీద ఫిట్స్ వచ్చిన తేదీలు, మాత్ర మరిచిన రోజులు, నిద్ర లేని రాత్రులు, ఆడవారికైతే నెలసరి తేదీలు గుర్తు పెట్టుకోవాలి. ఎమ్మారై రిపోర్టు ఒక్కటే చాలదు, ఫిల్ములు కూడా తీసుకువెళ్లాలి. మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష మామూలుగా ఉందన్నంత మాత్రాన మూర్ఛ లేదని అర్థం కాదు. రోగిని వీడియో తీస్తూ ఈఈజీ నమోదు చేసే వీడియో ఈఈజీ అవసరమా, ఆపరేషన్‌కు అవకాశం ఉందా అని సంకోచించకుండా అడగాలి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలోనూ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోనూ మూర్ఛకు ఆపరేషన్లు చేస్తారు. వాల్‌ప్రోయేట్ మాత్ర గర్భస్థ శిశువుకు హాని చేయగలదు కనుక, ఆ మందు వాడుతున్న ఆడపిల్లలు పెళ్లికి ముందే ఈ సంగతి డాక్టరుతో మాట్లాడాలి, తమంతట తాము మానేయకూడదు.

నిద్ర చాలకపోయినా ఫిట్స్ రావచ్చు. కాబట్టి తెల్లవారుజామున లేచి బస్సెక్కడం కంటే, వీలైతే ముందురోజు సాయంత్రమే వెళ్లి, వేళకు మాత్ర వేయించి పడుకోబెట్టడం మేలు.